కార్బురేటరు మారుతి: ఇంజను లెక్కలు, ఆలనాపాలనా

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు తొలి కారుగా నిలిచిన మారుతి 800కు గుండెకాయ, జపానుకు చెందిన సుజుకి సంస్థ రూపొందించిన ఎఫ్8బి అనే మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను. కాలుష్య నిబంధనలు బిగిసిన కొద్దీ, 2000 ప్రాంతం నుంచి ఈ కారులో ఎలక్ట్రానిక్ అదుపుతో పెట్రోలును చిమ్మే ఇంజక్షను పద్ధతి ప్రవేశించింది గాని, అంతకుముందు వచ్చిన బళ్లన్నీ కార్బురేటరుతో నడిచినవే. వాటిలో కొన్ని నేటికీ అక్కడక్కడ తిరుగుతూనే ఉన్నాయి.

ఈ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, అందులో పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు కాగా, మూడు సిలిండర్ల ఘనపరిమాణం కలిపితే 796 ఘన సెంటీమీటర్లవుతుంది. కారు పేరులోని 800 ఈ అంకెను గుండ్రం చేయగా వచ్చినదే. దీని శక్తి 40 హార్స్‌పవర్‌కు కొద్దిగా లోపే అయినా, చక్రాలను తిప్పే బలం, అంటే టార్కు, నిమిషానికి 2,500 చుట్ల వంటి తక్కువ వేగంలోనే గరిష్ఠానికి చేరుతుంది కనుక, సుమారు 650 కిలోల తేలికపాటి బండిని సందుల్లోనూ సిగ్నళ్ల దగ్గరా లాగడానికి అది చాలినంత. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగేలోపు మూడు సిలిండర్లూ 1-3-2 వరుసలో ఒక్కొక్కసారి మండుతాయి గనుక, నాలుగు సిలిండర్ల ఇంజనుతో పోలిస్తే ఐడ్లింగులో, అంటే బండి నిలిచి ఇంజను మాత్రమే ఆడుతున్నప్పుడు, కొంత వణుకు సహజం. ఆ వణుకంతా జబ్బేనని భావించి షెడ్డుకు పరుగెత్తనవసరం లేదు.

పెట్రోలును గాలితో కలిపి సిలిండర్లకు అందించే పరికరమే కార్బురేటరు. పిస్టను కిందికి దిగినప్పుడు లోపలికి దూసుకువచ్చే గాలి, మధ్యలో ఇరుకుగా ఉండే వెంచురీ అనే గొట్టం గుండా పోయేటప్పుడు వేగం పుంజుకొని పీడనాన్ని కోల్పోతుంది. పక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు ఆ పీడన భేదం వల్ల జెట్లనే సన్నని రంధ్రాల నుంచి పైకి లాగబడి తుంపరగా మారుతుంది. తొట్టిలో పెట్రోలు మట్టం పెరగకుండా, తేలే ఫ్లోటు ఒకటి సూది వాల్వును మూస్తూ తెరుస్తూ ఉంటుంది. చల్లని ఉదయం పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక, గాలిని తగ్గించి చిక్కని మిశ్రమాన్ని ఇచ్చే చోకు ఉంటుంది; ఇంజను వేడెక్కాక కూడా దాన్ని లాగి ఉంచితే, మండని పెట్రోలు సిలిండరు గోడలపైని ఆయిలు పొరను కడిగివేసి అరుగుదలను పెంచుతుంది.

సిద్ధాంతరీత్యా ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజక్షను బండిలో పొగగొట్టంలోని సెన్సరు ఈ నిష్పత్తిని ఎప్పటికప్పుడు కనిపెట్టి సరిచేస్తుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు, కాబట్టి సెన్సరు చేయవలసిన పనిని యజమాని చెవీ ముక్కూ, మెకానిక్కు అనుభవమూ చేయవలసి వస్తుంది. దురదృష్టవశాత్తు మైలేజీ తగ్గిందనగానే చాలాచోట్ల మొదట స్క్రూడ్రైవరు పడేది కార్బురేటరు మిశ్రమపు స్క్రూ మీదనే. అసలు దోషం ఎక్కువసార్లు వేరేచోట ఉంటుంది: దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరులో కాలిపోయిన పాయింట్లు, తప్పిన వాల్వు సందులు, కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య గ్యాస్కెట్ చీలి అక్రమంగా చొరబడే గాలి. వీటిని సరిచేయకుండా స్క్రూను తిప్పడమంటే ఒక తప్పును మరో తప్పుతో కప్పడమే.

ఇంజను ఆరోగ్యాన్ని చెప్పే సాక్షి ప్లగ్గు. దాని కొన లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు. పొడి నల్లని మసి పట్టితే పెట్రోలు ఎక్కువైనట్లు. తెల్లగా పొక్కితే గాలి ఎక్కువై వేడి పెరిగినట్లు. తడి నలుపు ఉంటే సిలిండరులోకి ఆయిలు చేరుతున్నదని అనుమానించాలి. పొగగొట్టం నుంచి నల్లపొగ వచ్చి పెట్రోలు వాసన వీడకపోతే, సూది వాల్వు అరిగి తొట్టి పొంగుతున్నదేమో చూడాలి. యాక్సిలరేటరు తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడితే, ఆ క్షణానికి అదనపు పెట్రోలు అందించే చిన్న పంపులోని డయాఫ్రం చిరిగి ఉండవచ్చు. జెట్లను శుభ్రం చేసేటప్పుడు తీగ దూర్చడం మాత్రం మహాపరాధం. కొలిచి తొలిచిన ఆ రంధ్రం రవ్వంత పెద్దదైనా నిష్పత్తి శాశ్వతంగా చెడుతుంది. క్లీనరు ద్రవం, గాలి ఒత్తిడి ఉంటే చాలు.

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి ఎండలకు ఈ పాత బళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఇంజను పక్కనే ఉండే మెకానికల్ పంపులోనూ గొట్టాలలోనూ పెట్రోలు ఆవిరై బుడగలు కట్టడంతో, పంపు ద్రవానికి బదులు ఆవిరిని నెట్టబోయి విఫలమై, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. దీనినే వేపర్ లాక్ అంటారు. బానెట్టు ఎత్తి చల్లారనిస్తే తాత్కాలికంగా తీరుతుంది గాని, రేడియేటరు, ఫ్యాను, థర్మోస్టాటు పనితీరును చూడకపోతే అదే వేడి అల్యూమినియం సిలిండరు హెడ్డును వంచి, హెడ్ గ్యాస్కెట్‌ను కాల్చివేస్తుంది. కుళాయి నీళ్లకు బదులు కూలెంటు పోయడం ఇక్కడ చాలా చవకైన బీమా. ఆయిలు, ఫిల్టరు గడువుకు మార్చడం, మైళ్లతో పాటు వయసును కూడా చూసి టైమింగు బెల్టు మార్చడం గురించి మాన్యువలు చెప్పిన మాటే శాసనం.

ఇటీవల తోడైన కొత్త అంశం, 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలులో ఆక్సిజను ఉన్నందున జెట్ల కొలత మారకుండానే మిశ్రమం పలచబడుతుంది, శక్తి తక్కువ కనుక మైలేజీ కొంత పడిపోతుంది. అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో తొట్టి లోపల తుప్పు, తెల్లని పొడి చేరే ప్రమాదముంది. పాతకాలపు రబ్బరు ఈ ఇంధనానికి ఉద్దేశించినది కాదు. కనుక ఇటువంటి కారున్నవారు పెట్రోలు గొట్టాలనూ పంపు డయాఫ్రాన్నీ ఇథనాలును తట్టుకొనే రకానికి మార్పించాలి. వాడకం తగ్గిన బండిని వారానికోసారైనా కొంతదూరం నడపాలి. కాలుష్య తనిఖీలో వచ్చే కార్బన్ మోనాక్సైడు అంకెను పట్టించుకోకుండా కాగితం మడిచి పెట్టేయక, మిశ్రమం సవరించేటప్పుడు దానినే కొలబద్దగా మెకానిక్కు ముందుంచాలి. బానెట్టు దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చినప్పుడు మాత్రం, కారణం తేలేదాకా ఆ బండిని స్టార్టు చేయకూడదు.