పోటు నీటి మీద వరి: బొర్నియో చిత్తడి రైతు బతుకు

మన డెల్టాలో కాలవకు నీళ్ళు ఎప్పుడొదులుతారా అని లాకుల వైపు చూస్తాం. మెట్టలో అయితే మబ్బు వైపు చూస్తాం. ఇండోనేషియాలోని బొర్నియో దీవిలో బంజార్ రైతు చూసేది చంద్రుడి వైపు. పున్నమికీ అమావాస్యకీ సముద్రం పెద్దపోటు మీద ఉంటుంది. ఆ పోటు బరిటో నది నీటిని వెనక్కి తోస్తుంది. అలా వెనక్కి తన్నిన నది నీరే కాలవల్లోకి, కాలవల్లోంచి పొలాల్లోకి ఎక్కుతుంది. ఆటుకు మళ్ళీ దిగిపోతుంది. మోటారు లేదు, కరెంటు కోత బెంగా లేదు.

వినడానికి బాగానే ఉంది కదూ? ఆ నేల ఎలాంటిదో తెలిస్తే మాత్రం మీలో చాలామంది ఊరికే ఇస్తానన్నా పుచ్చుకోరు.

దక్షిణ కాలిమంతాన్ రాష్ట్రంలో బంజర్మాసిన్ పట్నం చుట్టూ, నదికి రెండు పక్కలా లక్షల ఎకరాల చిత్తడి ఉంది. పైన నల్లటి పీటు నేల. ఆకూ అలమూ, వేళ్ళూ కుళ్ళీ కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న పొర అది. దాని అడుగున బంకమట్టిలో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం దాని జోలి మనకు లేదు. నీరు తీసేసి గాలి తగలనిచ్చారో, అది గంధకామ్లంగా మారుతుంది. కాలవ నీరు తుప్పు రంగుకు తిరుగుతుంది, వరి ఆకులు ఇటుక రంగు పట్టి ఎండుతాయి. మన చౌడు వేరు, ఈ పులుపు వేరు. మన దేశంలో ఇలాంటి నేలలు చూడాలంటే కేరళలోని కుట్టనాడు వెళ్ళాలి. అక్కడ వాటిని కరి భూములంటారు.

అందుకే బంజార్ రైతు దుక్కి దున్నడు. అవును, నాగలే దించడు. తజక్ అనే పొడవాటి కత్తి ఉంటుంది, చివర వంపు తిరిగి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దాన్ని ఊపుతూ తుంగనూ గడ్డినీ నేలమట్టానికి నరుకుతాడు. అడుగు మట్టి కదలనివ్వడు. నరికిన గడ్డిని కొన్నాళ్ళు నానబెట్టి ఉండలుగా చుడతాడు. ఆ ఉండల్ని మధ్యలో తిరగేసి, బాగా కుళ్ళాక పొలమంతా పరుస్తాడు. అదే ఎరువు. దున్నితే అడుగు విషం పైకొస్తుందన్న సంగతి వీళ్ళు ప్రయోగశాలలో నేర్చుకోలేదు. తాతల నాడు పొలం పాడు చేసుకునే నేర్చుకుని ఉంటారు.

మూడు నారుమళ్ళు, పది నెలల పంట

ఇక వరి సంగతి. ఇక్కడి నాటు రకాలను సియాం, బాయార్, లెమో అంటారు. తొమ్మిది పది నెలల పంట. ముందు అక్టోబరు, నవంబరు నెలల్లో మెరక మీద చిన్న నారుమడి పోస్తారు. దాని పేరు తారదక్. నెల దాటాక ఆ నారును పీకి కొంచెం పెద్ద మడిలో నాటుతారు. అది పిలకలు వేశాక విడదీసి మూడో మడిలో నాటుతారు. పొలంలో వాన నీరు తగ్గి, మార్చి, ఏప్రిల్ వచ్చాక అప్పుడు అసలు నాటు. అప్పటికి నారు నడుము ఎత్తుకు వస్తుంది. కోత జూలై తర్వాతే.

ఇన్నిసార్లు పీకి నాటడం దండగ పని కదా అని మీకు అనిపించవచ్చు. వానకాలంలో పొలంలో నీరు లోతుగా ఉంటుంది, పొట్టి నారు మునిగి చస్తుంది. పైగా ఆ నాలుగు నెలల వాన పొలంలోని పులుపును కడిగేస్తుంది. కడిగిన నేలలో ముదురు నారు నాటితే తట్టుకుంటుంది. గుప్పెడు విత్తనం పిలకల మీద పిలకలుగా పెరిగి పొలానికంతా సరిపోవడం అదనపు లాభం.

దిగుబడి మాత్రం తక్కువే. హెక్టారుకు రెండు, రెండున్నర టన్నులు. మన లెక్కలో ఎకరాకు పదకొండు నుంచి పదమూడు బస్తాలు. కొత్త రకాలు వేస్తే ఎక్కువ పండుతుందని అక్కడి వ్యవసాయ శాఖ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. సియాం ఉనుస్ అనే నాటు రకాన్ని కొత్త రకాలతో కలిపి మార్గసారి, మార్తపుర అనే రకాలు 2000లో విడుదల చేశారు కూడా. అయినా నాటు రకాలు పోలేదు. బంజార్ వాళ్ళకు, మనలాగే, అన్నం పొడిపొడిగా ఉండాలి. జావా వాళ్ళు తినే మెత్తటి ముద్దన్నం వీళ్ళకు గొంతు దిగదు. అందువల్ల బంజర్మాసిన్ బజారులో నాటు బియ్యానికి ధర ఎక్కువ. ఎరువు, మందుల ఖర్చు తక్కువ. లెక్క వేసుకునే వేస్తున్నారు, మొండితనంతో కాదు.

మాటవరసకు ఒకటి చెప్పాలి. 1967లో మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు వేసి చూపించిన ఐఆర్-8కు ఒక పక్క తైవాన్ పొట్టి రకం, రెండో పక్క పేటా అనే ఇండోనేషియా పొడుగు రకం. అంటే ఆ దేశపు వరి రక్తం మన గోదావరి చేలల్లోకి ఎప్పుడో వచ్చింది.

వరి ఒక్కదాని మీదే ఇల్లు గడవదు. పొలంలో అక్కడక్కడ మట్టి పోసి దిబ్బ చేస్తారు, దాని మీద కొబ్బరో కమలానో నాటుతారు. ఏటా పూడిక మట్టి ఆ దిబ్బ మీదే వేస్తారు. కొన్నేళ్ళకు దిబ్బలు పెరిగి ఒకదానితో ఒకటి కలిసి గట్టవుతాయి. గట్టు మీద కమలా, పక్కన పల్లంలో వరి. కాలవలో కొరమీను, గొరక చేపలు. ఆడవాళ్ళు పురున్ అనే చిత్తడి గడ్డితో చాపలు, బుట్టలు అల్లి అమ్ముతారు. మగవాళ్ళు గలాం చెట్టు వాసాలు కొట్టి ఇళ్ళ కట్టుబడికి అమ్ముతారు. రోడ్డు లేని ఊళ్ళ సరుకంతా పడవ మీదే బజారుకు పోతుంది. లోక్ బైంతాన్ దగ్గర బజారే నది మీద, పడవల్లో జరుగుతుంది.

ఈ ఊళ్ళకు ప్రాణం హండిల్. నది నుంచి లోపలికి రెండు మూడు కిలోమీటర్లు చేతులతో తవ్వుకున్న చిన్న కాలవ అది. లోతు మీటరు అటూ ఇటూ. పదిమంది రైతులు ఒక పెద్దమనిషి కింద చేరి తవ్వుతారు, పూడిక కూడా వాళ్ళే తీస్తారు. ఎండాకాలం వచ్చేముందు తబత్ అనే చిన్న కట్ట వేసి కాలవలో నీరు ఆపుతారు. వానలు పడగానే తెంచి పుల్ల నీటిని నదిలోకి తోసేస్తారు. నేల ఎండకూడదు, నీరు నిలవ ఉండి పులవకూడదు. ఈ రెంటి మధ్యే వీళ్ళ సేద్యం.

25 లక్షల ఎకరాల పథకం

పక్కనే ఉన్న మధ్య కాలిమంతాన్‌లో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. 1984లో బియ్యంలో స్వయంపోషకత్వం సాధించామని చెప్పుకున్న ఇండోనేషియా పదేళ్ళు తిరక్కుండా మళ్ళీ దిగుమతులకు దిగింది. 1995 డిసెంబరులో అధ్యక్షుడు సుహార్తో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. పది లక్షల హెక్టార్ల చిత్తడి, అంటే దాదాపు 25 లక్షల ఎకరాలు, వరి పొలాలు కావాలన్నాడు. యంత్రాలు దిగాయి. రెండు మూడేళ్ళలో నాలుగు వేల కిలోమీటర్ల పైన కాలవలు తవ్వారు. మూడు మీటర్లు దాటిన పీటును ముట్టుకోకూడదని 1990లో ఆ ప్రభుత్వమే నియమం పెట్టుకుంది. ఈ కాలవలు అంతకంటే ఎంతో లోతైన పీటు దిబ్బల్ని కూడా చీల్చుకుంటూ పోయాయి.

దయాక్ తెగ ప్రజల బెత్తం తోటలు, రబ్బరు తోటలు, వరద తీశాక చేపలు పట్టుకునే బెజె గుంటలు ఆ కాలవల దారిలో పోయాయి. జావా తదితర దీవుల నుంచి సుమారు 15 వేల కుటుంబాలను తెచ్చి దింపారు. ఒక్కో కుటుంబానికి ఐదెకరాల లెక్కన భూమి, ఒక చెక్క ఇల్లు, మొదట్లో కొన్నాళ్ళు తిండి. ఆ తిండి అయిపోయేసరికి చేలో చూసుకుంటే పులుపు, ఎలుకలు. నీరు దిగిపోయిన పీటు ఎండు పిడకలా తయారైంది. 1997లో ఎల్‌నినో కరువు వచ్చి ఆ పీటు నెలల తరబడి తగలబడింది. పీటులో నిప్పు నేల కిందే పాకుతుంది, బిందెలతో ఆరేది కాదు. పథకాన్ని 1999లో అధికారికంగా ఎత్తేశారు. వచ్చిన వాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. నదికి దగ్గరగా, పీటు పలచగా ఉన్న చోట భూమి దక్కిన వాళ్ళు నిలబడ్డారు. బంజార్ వాళ్ళను చూసి నాటు రకాలు, గట్టు సేద్యం నేర్చుకున్న వాళ్ళూ అందులో ఉన్నారు.

2015లో మళ్ళీ కాలింది. తర్వాత ప్రభుత్వం పొలం తగలబెట్టడాన్ని గట్టిగా నిషేధించింది. కంపెనీ అయితే యంత్రం పెట్టి చదును చేసుకుంటుంది. అరెకరం పొద కాల్చి, ఆ బూడిదలో వరి చల్లుకునే దయాక్ రైతుకు నిప్పు తప్ప వేరే పనిముట్టు లేదు. చాలామంది ఆ ఏటి నుంచి వరి మానేసి బియ్యం కొనుక్కోవడం మొదలెట్టారు. ఇది న్యాయమేనా అంటే, పొగకు ఊపిరాడని పిల్లల్ని చూసినవాళ్ళు ఒక మాట, గాదె ఖాళీ అయినవాళ్ళు ఒక మాట చెబుతారు. 2020లో అదే ప్రాంతంలో ప్రభుత్వం మరో ఆహార పంటల పథకం ప్రకటించింది.

2016 నుంచి మరో పని కూడా మొదలైంది. ఎండిన పీటును తిరిగి తడపడానికి పాత కాలవలకు వేల సంఖ్యలో అడ్డుకట్టలు వేశారు. నేలకు మంచిదే. అయితే ఇన్నేళ్ళలో ఆ కాలవలే జనానికి దారులైపోయాయి. రబ్బరుపాలకు, చేపలకు, వాసాలకు పోయే పడవలు కట్టల దగ్గర ఆగిపోయాయి. కొన్నిచోట్ల జనం కట్టలు తెంచారు. దాంతో ఇప్పుడు కొన్ని కట్టల నడుమ ఒక చిన్న పడవ పట్టేంత సందు వదిలి కడుతున్నారు.