మూత్రపిండాల రోగుల్లో చర్మపు నొప్పి: పైపూతతో సరిపెట్టుకోరాదు

దీర్ఘకాలిక మూత్రపిండాల వైఫల్యంతో బాధపడేవారిలో చర్మంపై కనిపించే మార్పులను చిన్న సమస్యగా భావించరాదు. చర్మం పొడిబారడం, దురద చాలామందిలో ఉండేవే. అయితే చర్మం ఒకచోట గట్టిపడి, ఊదారంగుకు మారి, తాకనివ్వనంతగా నొప్పి పెడితే అది ప్రాణాపాయానికి సంకేతం కావచ్చు. ఈ తేడాను సకాలంలో గుర్తించడమే చికిత్సకు తొలి మెట్టు.

మోవా సహా రాయ్‌పూర్ నగరంలోని ఆసుపత్రులకు పొరుగు జిల్లాల నుంచి మూత్రపిండాల రోగులు వస్తుంటారు. ఇక్కడ స్థిరపడిన తెలుగువారికి ఈ వ్యాధి పేరు రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. ఇటు ఛత్తీస్‌గఢ్‌లోని గరియాబంద్ జిల్లా సుపేబేడా గ్రామం, అటు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం ఈ వ్యాధి తీవ్రత వల్లనే దేశం దృష్టికి వచ్చాయి. ఉద్దానం రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. 2016లో ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత డయాలసిస్ అందుతోంది. డయాలసిస్‌తో ఏళ్ల తరబడి జీవించే రోగులకు చర్మ సమస్యలపై అవగాహన కూడా అంతే అవసరం.

వీటిలో సాధారణమైనది దురద. డయాలసిస్ చేయించుకునేవారిలో చాలామందిని ఇది రాత్రివేళ నిద్రపోనివ్వదు. గోకడం వల్ల పుండ్లు పడి, చీము పట్టే ప్రమాదం ఉంది. డయాలసిస్ తగినంతగా జరుగుతున్నదా, రక్తంలో ఫాస్ఫరస్ పెరిగిందా అన్నది వైద్యులు ముందుగా పరిశీలిస్తారు. చర్మానికి తేమనిచ్చే లేపనాలు, తక్కువ మోతాదులో గాబాపెంటిన్ వంటి మందులు, అతినీలలోహిత కిరణాల చికిత్స చాలామందికి ఉపశమనం కలిగిస్తాయి.

అరుదైనదే అయినా అత్యంత ప్రమాదకరమైనది కాల్సిఫిలాక్సిస్. చర్మానికి, దాని కింది కొవ్వుకు రక్తాన్ని చేరవేసే సన్నని నాళాల గోడల్లో క్యాల్షియం పేరుకుపోతుంది. నాళాలు పూడుకుపోవడంతో రక్తం అందక ఆ భాగం చనిపోతుంది. తొడలు, పొట్ట, పిరుదులు, పిక్కలపై మొదట నొప్పితో కూడిన గడ్డలు గాని, వల అల్లినట్లు ఊదారంగు మచ్చలు గాని కనిపిస్తాయి. తరువాత అవి నల్లని పుండ్లుగా మారతాయి. పైకి కనిపించే మచ్చ కంటే నొప్పి ఎన్నో రెట్లు తీవ్రంగా ఉండటం దీని ప్రత్యేక లక్షణం. వ్యాధి నిర్ధారణ అయిన ఏడాదిలోపే దాదాపు సగం మంది మరణిస్తున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. పుండ్ల ద్వారా రక్తానికి సోకే ఇన్ఫెక్షన్ ఇందుకు ప్రధాన కారణం.

మధుమేహం, స్థూలకాయం ఉన్నవారికి, మహిళలకు ఈ ముప్పు ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ కూడా ముప్పును పెంచుతుంది. నాళాల్లో క్యాల్షియం చేరకుండా కాపాడే ఒక ప్రొటీన్ పనిచేయడానికి విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ ఆ విటమిన్‌నే అడ్డుకుంటుంది. అయినప్పటికీ ఈ మందును రోగి సొంతంగా మానరాదు. ప్రత్యామ్నాయాన్ని వైద్యులే నిర్ణయించాలి.

చికిత్స ఒక్క మందుతో ముగిసేది కాదు. క్యాల్షియం, విటమిన్ డి మాత్రలను వైద్యులు నిలిపివేస్తారు లేదా మారుస్తారు. ఫాస్ఫరస్‌ను, పారాథైరాయిడ్ హార్మోన్‌ను అదుపులోకి తెస్తారు. అవసరమైతే డయాలసిస్ సమయాన్ని పెంచుతారు. డయాలసిస్ చివరి గంటలో సోడియం థయోసల్ఫేట్‌ను రక్తనాళం ద్వారా ఎక్కించే పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. దాని ప్రయోజనం పెద్ద పరీక్షల్లో ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. పుండ్లకు నిపుణుల చేత క్రమం తప్పక కట్లు కట్టించుకోవాలి.

నొప్పిని తగ్గించడం చికిత్సలో ముఖ్య భాగం. మందుల దుకాణంలో దొరికే నొప్పి బిళ్లల్లో చాలావరకు మిగిలిన మూత్రపిండ శక్తిని కూడా దెబ్బతీస్తాయి. మార్ఫిన్ విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పదార్థాలు ఈ రోగుల శరీరంలో పేరుకుపోతాయి గనుక వైద్యులు ఫెంటానిల్ వంటి ఇతర మందులను ఎంచుకుంటారు. కాబట్టి పొరుగువారికి పనిచేసిన మాత్రను తెచ్చి వాడరాదు.

మచ్చపై పసరు పూయడం, కాపడం పెట్టడం, గడ్డను చిదమడం హానికరం. చర్మంపై కొత్తగా నొప్పితో కూడిన మార్పు కనిపిస్తే తదుపరి డయాలసిస్ రోజు వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వాడుతున్న మందులన్నింటినీ వెంట తీసుకువెళ్లాలి. నొప్పి సహజమేనని ఓర్చుకునే రోగి కంటే, మొదటి రోజే చెప్పుకున్న రోగికి కోలుకునే అవకాశం ఎక్కువ.