గుట్టల నడుమ నీళ్ళు

సికిందరాబాదులో కాపురముండేవాడు చెరువు చూడటానికి వరంగల్లు దాకా పోవడమెందుకని మీరు అడగవచ్చు. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో కట్టించిన హుసేన్ సాగరం మాకు దగ్గరలోనే వుంది. దాని గట్టు మీదుగానే కాలేజీకి పోతుంటాను. నిజమే. కాని ఒకసారి చెరువే తనంతట తాను మా ఇంటికి వచ్చింది. మర్యాదకు మేమూ ఒకసారి పోయి చూసి రావాలి గదా!

అది వచ్చింది 2020 అక్టోబరు 13 రాత్రి. జంటనగరాల మీద ఆనాడు కురిసిన వాన చాలామందికి గుర్తుండే వుంటుంది. మా కాలనీలో నడుముల లోతు నీళ్ళు నిలిచాయి. నా పుస్తకాల బీరువాలో కింది రెండు అరలూ పోయాయి. శాసన సంపుటాలు ఆ అరల్లోనే వుండేవి. కొడుకు, గుడి, చెరువు, తోట, కావ్యం, నిధి, అగ్రహారం - ఈ ఏడింటినీ మనవాళ్ళు సప్తసంతానాలన్నారని ఏటా క్లాసులో పాఠం చెబుతాను. చెరువును కన్నకొడుకుతో సమానంగా లెక్కపెట్టిన జాతి మనదని కొంచెం గొంతు పెంచి మరీ చెబుతాను. అలా చెబుతూ చెబుతూనే చెరువు కడుపులో ఇల్లు కట్టుకున్నాను.

తెలిసి కట్టుకోలేదని అందరితోనూ అంటాను. అది పూర్తి నిజం కాదు. 2011లో ప్లాటు చూడబోయిన నాడు మా నాయన మూలన మొలిచిన గడ్డి పీకి వాసన చూసి, "తుంగరా ఇది. శిఖం భూమి లెక్కుంది" అన్నాడు. నేను కాగితాలు తీసి చూపించాను. కాగితాల్లో తుంగ లేదు. నాయన గడ్డి పారేసి చేతులు దులుపుకున్నాడు.

తరువాత ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. వాన రాత్రి మంచం మీద మంచం వేసుకొని తెల్లవార్లూ కూచున్నప్పుడు కూడా ఎత్తలేదు. "నేను ఆనాడే చెప్పలేదా?" అని ఒక్కమాట అంటే నాకు సులువుగా వుండేది.

చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో హైడ్రా ఏర్పడింది. అప్పటినుంచి మా కాలనీలో నిద్రపట్టేవాళ్ళు తగ్గారు. ఆ దసరా సెలవుల్లో నాయన వున్నట్టుండి "పాకాల చూసొద్దాం" అన్నాడు. ఆయన పుట్టింది ఆ చెరువు కింది వూళ్ళో. రైల్వే ఉద్యోగమొచ్చి లాలాగూడ చేరిన తరువాత, పెళ్ళికో చావుకో తప్ప అటు పోయింది లేదు. పోయినా చెరువు దాకా పోలేదు. ఎలాగూ పోతున్నాం గదా అని రామప్పనూ లక్నవరాన్నీ కూడా దారిలో కలుపుకున్నాను.

వరంగల్లులో రైలు దిగి టాక్సీ మాట్లాడుకున్నాం. ములుగు దాటాక గుట్టలు మొదలవుతాయి. కొండలనగానే వూటీనీ అరకునూ వూహించుకోకండి. ఈ గుట్టలు తలపాగా జారేంత ఎత్తువి కావు. అడవిని కప్పుకొని, చేతులు పట్టుకున్నట్టు వరసగా నిలబడి వుంటాయి. ఆ చేతులు ఎక్కడ వదిలాయో సరిగ్గా అక్కడే కాకతీయులు కట్ట వేశారు.

పాలంపేటకు వచ్చినవాళ్ళు ఎక్కువమంది గుడి చూసుకొని వెళ్ళిపోతారు. చూడవలసిన గుడే. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, అది 1213లో జరిగిందనీ శాసనం చెబుతోంది. 2021 జులై 25న యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీటి మీద తేలే ఇటుకల కథ గైడు ఎలాగూ చెబుతాడు. చెరువు అక్కడికి కొంచెం దూరంలోనే వుంది. మేము పోయేసరికి కట్ట మీద ఇద్దరు గొర్రెల కాపరులున్నారు. ఒడ్డున సద్దుల బతుకమ్మనాటి గునుగుపూలు ఇంకా తేలుతూ వున్నాయి.

కట్ట మీద నిలబడితే నాకు ఒక అంకె గుర్తొచ్చింది. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన ఇరవైనాలుగు గంటలలో, ఈ వెంకటాపురం మండలంలోనే వున్న లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన నమోదయింది. తెలంగాణలో అంతవరకూ అంత వాన నమోదు కాలేదు. ఆ సంగతి చెబితే నాయన ఏమీ అనలేదు. కట్ట లోపలివైపు పేర్చిన రాళ్ళను కాలితో ఒకటి రెండుసార్లు తట్టి చూశాడు.

లక్నవరం దగ్గర జనం ఎక్కువ. వేలాడే వంతెన మీద ఫొటోలు దిగేవాళ్ళను తప్పించుకొని అవతలికి పోవడమే ఒక విద్య. వంతెన వూగినప్పుడల్లా నాయన నా భుజం పట్టుకున్నాడు. నాకు నచ్చింది వంతెన కాదు, ఆ చెరువు పుట్టిన తీరు. మూడు ఇరుకైన లోయల నోళ్ళు చిన్న చిన్న కట్టలతో మూశారు. మిగతా గోడలన్నీ గుట్టలే. ఇంత నీటిని ఇంత తక్కువ మట్టితో ఆపడం చూస్తే, కట్టినవాడు ముందు ఎన్నాళ్ళు ఈ గుట్టల మధ్య వూరికే తిరిగి వుంటాడో అనిపిస్తుంది.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం ఈ విద్యనే పాఠంలా చెబుతుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన సంస్కృత శాసనమది. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారని అందులో వుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలట. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టినేల, తీయనినీటి యేరు, ఆ యేటిని తాకే కొండ, ఆ కొండల నడుమ మరీ పొడుగు కాని రాతికట్ట - ఇలా సాగుతుంది ఆ లెక్క. చెరువుకు దోషాలు ఆరట. కట్ట నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, నడుమ మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం. చెరువు లోపల మనుషులు ఇళ్ళు కట్టుకోవడమనే ఏడో దోషం ఆ పండితుడికి తట్టనే లేదు. పాపం, ఎలా తడుతుంది?

రాత్రి నర్సంపేటలో బస చేసి, తెల్లవారి పాకాలకు పోయాం. గణపతిదేవుని కాలంలో జగదాళ ముమ్మడి కట్టించిన చెరువు ఇది. మూడువైపులా అడవిగుట్టలు, నాలుగోవైపు మైలుకు పైగా కట్ట. పొగమంచు లేస్తుంటే అవతలి ఒడ్డు కనబడలేదు. మున్నేరు పుట్టేది ఇక్కడే. రామప్ప, లక్నవరాల నీళ్ళు గోదావరి దారి పడితే, ఈ నీళ్ళు కృష్ణలో కలుస్తాయి. ఒక్కరోజు ప్రయాణంలో నీళ్ళు దారి మార్చుకున్నాయి.

తూము దగ్గర లష్కరు కనిపించాడు. నాయనను చూసి, "ఏ వూరు పెద్దయ్యా?" అన్నాడు.

నాయన వూరి పేరు చెప్పి, "తుంగబంధం కాలువ కింద మాకు రెండెకరాలుండె. మా నాయన అమ్మిండు. నేను నౌకరికి పోతే చేసేటోడు లేకపాయె" అన్నాడు.

"ఇప్పటికీ పారుతున్నయి గా మళ్ళు" అన్నాడు లష్కరు, తన ఘనతే అన్నట్టు.

తరువాత ఇద్దరూ తూముల సంగతిలో పడ్డారు. చిన్న చెరువుల్లో నీరటి నీళ్ళలో మునిగి తూముకట్టె పీకేవాడట. ఎవరి మడికి ఎంతసేపో అతని మాటే చట్టమట. ఇప్పుడు మరతో తిప్పే షట్టర్లు. నాకు సగమే అర్థమయింది. నాయన గొంతులో అంత హుషారు నేను విని చాలా ఏళ్ళయింది.

లష్కరు వెళ్ళిపోయాక మెట్ల మీద కూచున్నాం. అడగవలసింది అడిగేశాను.

"నాయనా, ఆనాడు నువ్వు తుంగ అని చెప్పినవు. నేను వినలే."

ఆయన వెంటనే మాట్లాడలేదు. ఒక గులకరాయి తీసి నీళ్ళలోకి వేశాడు.

"నువ్వు ఇన్నవు బిడ్డా. నేనే మళ్ళ చెప్పలే. ఎందుకు చెప్పలేదంటవ్? వేరే జాగలు గజానికి రెండింతలుండె. పైసలు నా రిటైర్మెంటువే గద. బస్తీ అయినంక నీళ్ళెక్కడికెల్లి వస్తయిలే అనుకున్న. చెరువు కింద పుట్టినోన్ని నేను. నువ్వు చదువుకున్నోనివి, నీకేం ఎరుక?"

నా ఎం.ఏ. పట్టాకు ఇంతకంటే సరయిన సర్టిఫికెట్టు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగేళ్ళుగా ఆయన నామీద కోపంతో మౌనంగా వున్నాడనుకున్నాను. ఆయనేమో నేనెక్కడ అడుగుతానోనని మౌనంగా వున్నాడు.

తిరిగి సికిందరాబాదు వచ్చేసరికి సాయంత్రమయింది. ఆటో మా కాలనీ మలుపు తిరుగుతుంటే నాయన ఆపించాడు. మలుపులో వేపచెట్టు కింద చిన్న మైసమ్మ గుడి వుంది. కట్టమైసమ్మ అంటారు. అటుగా పోయినప్పుడల్లా దండం పెడతాను. కట్ట ఏదీ అని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

"గీ రోడ్డు జూడు, మన గల్లీ కంటే నిలువెత్తు పైనుంది" అన్నాడు నాయన చేయి చాపి. "ఇదే కట్ట. తూము ఆ కిరాణా కొట్టు కాడ వుండాలె. మత్తడి అటు, రైలు పట్టాల దిక్కు. మనం లోపలున్నం."

ఆటో రోడ్డు దిగి మా గల్లీలోకి తిరిగింది.