‘ఎగరడానికి సిద్ధం’ అన్నా ఒకసారి చూసుకోవాలి
బ్యాటరీ విమానాలకు నేలమీదే పది నిమిషాల పరీక్ష

(గ్రామీణ విలేఖరి)

సంక్రాంతి సెలవులకు పట్నం నుంచి వచ్చిన మా అన్నగారి అబ్బాయి ఈసారి గాలిపటం జోలికి పోలేదు. ఏడాదిపాటు దాచుకున్న డబ్బుతో ఒక విమానం కొనుక్కొచ్చాడు. థర్మోకోల్ వంటి తేలికపాటి నురుగుతో చేసినది. రెక్కల పొడవు గజానికి కాస్త పైన. నడిచేది బ్యాటరీతో, నడిపించేది చేతిలోని రిమోటుతో. పెట్టె మీద ‘ఎగరడానికి సిద్ధం’ అని రాసి ఉంది.

వరి కోసిన పొలంలో ఊళ్లో సగం మంది చేరారు. చేతిలోంచి వదిలిన మరుక్షణమే విమానం ఎడమకు ఒరిగింది. సరిచేద్దామని కుర్రవాడు రిమోటు పుల్లను కుడికి నెట్టాడు. అది మరింత ఎడమకు ఒరిగి, ముక్కుతో మోళ్లలో గుచ్చుకుంది. తీరా చూస్తే రిమోటు మీది చిన్న మీట ఒకటి తారుమారై ఉంది. అందువల్ల కుడికి అంటే ఎడమకు పోతోంది. ఇంటి దగ్గర ఒక్క నిమిషం చూసి ఉంటే బయటపడే లోపమిది.

గట్టు మీద నిలబడి చూస్తున్న పెద్దాయన ఒకరు, “బండి కట్టేముందు ఇరుసు చీల చూసుకుంటామే, దీనికి ఆ మాత్రం చూడక్కర్లేదుటరా అబ్బాయ్?” అన్నారు. కుర్రవాడు నా వంక చూసి, “నిజమే బాబాయ్” అన్నాడు. ఇప్పుడు పల్లెల్లోనూ పిల్లల చేతుల్లో ఈ విమానాలు కనిపిస్తున్నాయి గనుక, ఆ తర్వాత మేము వరసగా చూసిన పరీక్షలను ఇక్కడ ఇస్తున్నాను.

ముందు పంకా ఊడదీయాలి

మోటారు ఉన్నట్టుండి తిరిగితే పంకా వేళ్లను కోసేస్తుంది. కాబట్టి ఇంట్లో చేసే పరీక్షలన్నిటికీ పంకా తీసివేయాలి. ఆ పంకాను వెలుతురులో పట్టి చూడాలి. పగులుగాని, అంచున గంటుగాని ఉంటే పారవేయాలి, అతికించి వాడరాదు. ముక్కున పంకా ఉండే విమానాలకు, దానిపై అచ్చువేసిన అంకెలు ముందువైపుకు రావాలి.

తర్వాత రెక్కలను, తోకను మెల్లగా వంచి సన్న పగుళ్లు వెతకాలి. కదిలే పలకలను కొద్దిగా లాగి అతుకులు చూడాలి. పలకలను లాగే తీగల కొనలు ఊడిరాకుండా ఉన్నాయా, మోటారు మరలు బిగువుగా ఉన్నాయా అన్నది చూడాలి. మా విమానానికి ఒక మర సగం వదులై కనిపించింది.

పలకలు ఎటు పోతున్నాయి?

విమానం వెనుక నిలబడాలి. పుల్లను కుడికి నెడితే కుడి రెక్క పలక పైకి, ఎడమ రెక్క పలక కిందికి పోవాలి. పుల్లను మనవైపుకు లాగితే తోకలోని అడ్డపలక పైకి లేవాలి. నిలువు పలక పుల్ల ఎటు పోతే అటే పోవాలి.

తనంతట తాను తూగు నిలుపుకునే సాధనం ఉన్న విమానమైతే మరొకటి చూడాలి. ఆ సాధనం పనిచేస్తుండగా విమానాన్ని చేత్తో కుడికి ఒరిగిస్తే, కుడి పలక కిందికి దిగాలి. అది తిరగబడి ఉంటే పుల్లతో చేసిన పరీక్షలో బయటపడదు.

బరువు ఎక్కడుంది?

బండి వెనుక బరువైతే కాడి పైకి లేస్తుంది. విమానమూ అంతే. బ్యాటరీ అమర్చిన తర్వాత రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి, పుస్తకంలో చెప్పిన చోట తూగుతుందో లేదో చూడాలి. మామూలు చిన్న విమానాల్లో అది రెక్క వెడల్పులో ముందంచు నుంచి పావు వంతుకు, మూడో వంతుకు మధ్య ఉంటుంది. ముక్కు కాస్త బరువైనా ఫరవాలేదు. తోక బరువైతే మాత్రం చేతికి లొంగదు.

బ్యాటరీ

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కొక్క అర నిండితే 4.2 వోల్టులు, మూడరలది 12.6 వోల్టులు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు, అది నిప్పు అంటుకోవచ్చు. గడ్డివాము దగ్గర, మంచం మీద చార్జింగు పెట్టరాదు. గచ్చు మీద పెట్టి, పూర్తయ్యేదాకా మనిషి దగ్గర ఉండాలి.

వేగం పుల్ల కిందికి దించి, ముందు రిమోటు వేయాలి. ఆ తర్వాతే విమానానికి బ్యాటరీ కలపాలి. ముగించేటప్పుడు ముందు బ్యాటరీ తీసి, తర్వాత రిమోటు ఆపాలి. ఈ వరస తప్పరాదు.

పొలంలో చివరి పరీక్ష

పంకా లేకుండానే మోటారు కాస్త తిప్పి, రిమోటు ఆపి చూడాలి. మోటారు వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే, సంకేతం తెగిననాడు విమానం ఎక్కడికి పోతుందో చెప్పలేం. దూరం చూసే ఏర్పాటు రిమోటులో ఉంటే, పుస్తకంలో చెప్పినన్ని అడుగులు వెనక్కి నడిచి పలకలు కదిలించి చూడాలి. అన్నీ బాగుంటేనే పంకా బిగించాలి. ఇక ఎవరూ పంకాకు ఎదురుగాగాని, పక్కగాగాని నిలబడరాదు.

కరెంటు తీగలకు, రోడ్డుకు, జనానికి దూరంగా గాలికి ఎదురుగా వదలాలి. 2021లో వచ్చిన డ్రోన్ నిబంధనలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా విభజించాయి. పసుపు, ఎరుపు ప్రాంతాల్లో అనుమతి లేనిదే ఎగరేయరాదు.

ముక్కు అతికించి, మర బిగించి, కనుమ మర్నాడు అదే పొలంలో మళ్లీ వదిలాం. ఈసారి చింతచెట్టు పైనుంచి రెండు చుట్లు తిరిగి, కుర్రవాడి ముందే మెల్లగా దిగింది. పెద్దాయన దగ్గరకు వచ్చి, “చీల చూసుకున్నట్టున్నారే!” అని నవ్వారు.