మీకు తెలుసా? రాతి మీద చెక్కినా తండ్రి పేరు తప్పే!

1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండ్ నుంచి అమెరికా చేరిన తొలి వలసదారుల్లో ఎలిజబెత్ టిల్లీ అనే పదమూడేళ్ల అమ్మాయి ఉంది. ఆమె తల్లిదండ్రులెవరో పూర్తిగా తేలడానికి దాదాపు మూడున్నర శతాబ్దాలు పట్టింది.

● ఆమె భర్త జాన్ హౌలాండ్ పేరిట అమెరికాలోని ప్లిమత్ ఊళ్లో 1836లో ఒక సమాధి రాయి నిలబెట్టారు. ఆయన ఆ వలసకు గవర్నర్‌గా చేసిన కార్వర్ కూతుర్ని పెళ్లాడాడని దాని మీద చెక్కించారు. తరతరాలుగా వాళ్ల వంశంలో చెప్పుకున్న మాటే అది. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. హౌలాండ్ వచ్చింది కార్వర్ ఇంటి పనివాడిగానే. మొదటి చలికాలంలోనే ఎలిజబెత్ అమ్మానాన్నలు చనిపోయారు. కార్వర్ ఇంటివాళ్లే ఆమెను చేరదీశారని చరిత్రకారుల అంచనా. 1621లో కార్వర్ దంపతులూ పోయారు. చేరదీసిన ఇల్లే తర్వాతి తరాల నోట పుట్టిల్లయి ఉంటుంది.

● ఆ పొరపాటును దిద్దింది మాయమైన ఒక రాతప్రతి! ప్లిమత్ గవర్నర్‌గా చేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ తన చేత్తో రాసిన చరిత్ర బోస్టన్‌లోని ఒక చర్చిలో ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో అది కనబడకుండా పోయింది. 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో ఉందని తెలిసింది, మరుసటి ఏడాది అచ్చయింది. ఓడలో వచ్చినవాళ్ల జాబితా రాస్తూ, హౌలాండ్ భార్య జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్ అనీ, వాళ్లకు పదిమంది పిల్లలనీ బ్రాడ్‌ఫర్డ్ స్పష్టంగా చెప్పాడు. అప్పటికి ఆ ఆలుమగలు బతికే ఉన్నారు. వాళ్లతో పాటు అదే ఓడలో వచ్చిన మనిషి మాట ముందు, రెండు వందల ఏళ్ల తర్వాత చెక్కిన రాయి ఎలా నిలుస్తుంది?

● తండ్రి తేలాడు, మరి తల్లి? బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో గ్రామ చర్చి పుస్తకంలో 1607 ఆగస్టు 30న ఎలిజబెత్ బాప్తిస్మం నమోదై ఉంది. ఆ ఊరి రికార్డుల ఆధారంగా తల్లి జోన్ హర్స్ట్ అని పరిశోధకులు నిరూపించింది 1970లలోనే. ఇక్కడో చిక్కుంది. జోన్ మొదటి భర్త పేరు థామస్ రోజర్స్. మేఫ్లవర్‌లోనూ ఒక థామస్ రోజర్స్ వచ్చాడు, కానీ అతను వేరు. జోన్ భర్త ఓడ బయలుదేరడానికి పాతికేళ్ల ముందే చనిపోయాడు. వంశవృక్షాలు గీసేవాళ్లు పేరు కలిసిందని సంబరపడకుండా, ఊరూ తేదీలూ కలిశాయా అని చూడటం అందుకే.

● తేదీలతోనూ తంటానే. 1752 వరకూ ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ లెక్క మరిచిపోతే ఫిబ్రవరిలో పుట్టిన బిడ్డ పుట్టిన ఏడు ఒక సంవత్సరం వెనక్కి పోతుంది.

● అదే మేఫ్లవర్ ఓడలో మోర్ ఇంటిపేరుతో నలుగురు పసిపిల్లలు వచ్చారు, వెంట తల్లీ లేదు, తండ్రీ లేడు. ముగ్గురు ఆ చలికాలంలోనే పోగా, రిచర్డ్ ఒక్కడే బతికి ఓడ కెప్టెన్ అయ్యాడు. వాళ్లు దిక్కులేని అనాథలని చాలాకాలం అనుకున్నారు. 1959లో ఇంగ్లండ్‌లో మోర్ వంశీకుల ఇంట్లో దొరికిన 1622 నాటి పత్రం గుండెను పిండేస్తుంది. వాళ్లకు తల్లీ ఉంది, ఆమె భర్త శామ్యూల్ మోరూ ఉన్నాడు. పిల్లలకు జేకబ్ బ్లేక్‌వే అనే మరొకరి పోలికలున్నాయని, వాళ్లు అతనికే పుట్టారని అనుమానించి, తల్లి నుంచి లాక్కుని శామ్యూలే ఓడ ఎక్కించాడు. పెద్దమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. శామ్యూల్ ఆ కాగితాన్ని వాడింది తల్లిమీద నిందను సమర్థించుకోవడానికి. కనుక అందులోని ప్రతి మాటనూ నిజమని నమ్మలేం, పిల్లలకు జరిగిన అన్యాయం మాత్రం నిజం.

● అమెరికా అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లూ ఎలిజబెత్ సంతతివారే. మేఫ్లవర్ వారసుల సంఘంలో చేరాలంటే నేటికీ ఒక్కో తరానికీ రుజువు చూపించాల్సిందే.