'తిడితే', 'తిడితేనే'

అట్రాసిటీ చట్టం గురించి మాట్లాడటానికి ఏ ఊరు పోయినా మాకు ముందుగా వినబడే మాట ఒకటే: "కులం పేరుతో తిడితేనే గదా కేసు!" ఠాణాలో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. మనవాళ్లలో కొందరేమో "కులం పేరెత్తితే చాలు, కేసు నిలబడుద్ది" అంటారు. రెండూ తప్పే. మొదటి తప్పు మొత్తం 'నే' అనే ఒక్క అక్షరంలో ఉంది.

చెరువుకు గండి పడితే చేను మునుగుతుంది. మునగటానికి గండి చాలు. కానీ గండే పడాలని లేదు, కుంభవృష్టి కురిసినా మునుగుతుంది. లెక్కల పుస్తకాలు దీన్ని పర్యాప్త నియమం అంటాయి. 'కార్డు ఉంటేనే రేషన్ బియ్యం' అన్నది వేరు. కార్డు లేనిదే బియ్యం లేవు. కార్డు ఉన్నంత మాత్రాన వచ్చేస్తాయనీ లేదు, డీలరు కొట్టు తెరవాలి గదా! ఇది ఆవశ్యక నియమం.

ఇప్పుడు 1989 నాటి చట్టానికి వద్దాం. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)లో 'ఎస్' క్లాజు కింద కులం పేరుతో దూషించడం ఆవశ్యకం. అయితే అదొక్కటే చాలదు. దూషించినవాడు ఎస్సీగానీ ఎస్టీగానీ కాకూడదు, అది ప్రజల దృష్టిలో పడేచోట జరగాలి. ఇంటి గేటు ముందు తిట్టినా, దారిన పోయేవాళ్లకు కనబడితే అది అలాంటి చోటేనని 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అయితే కాదని 2020లో హితేశ్ వర్మ కేసులో అంది.

'ఆర్' క్లాజులో కులం పేరు పలకాలన్న మాటే లేదు. కించపరిచే ఉద్దేశంతో, ప్రజల దృష్టిలో అవమానించడం, బెదిరించడం అని ఉంది. ఆ అవమానానికి కారణం కులమై ఉండాలని హితేశ్ వర్మ తీర్పు అంటున్నది. కారణం కులం కావటం వేరు, నోటితో కులం పేరనటం వేరు. ఈ రెంటినీ చదువుకున్న వకీళ్లు కూడా కలిపేస్తుంటారు.

ఇక భూమి లాక్కోవటం, సాంఘిక బహిష్కరణ, నీళ్ల దగ్గరికి రానివ్వకపోవటం కూడా 3(1) నేరాలే. వీటికి నోరు మెదపాల్సిన పనే లేదు. "తిట్టలేదు గదా" అన్న మాట నమ్మి స్టేషన్ మెట్లు దిగొచ్చినవాడు తన పొలం కేసును అక్కడే వదిలేసి వచ్చినట్టు.

అందుకే మేము ఫిర్యాదు రాసేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాం. ఈ అంశం లేకపోతే నేరం కుదరదా? ఇదొక్కటే ఉంటే కుదురుతుందా? తిట్టును మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసి, ఎక్కడ తిట్టాడో, ఎవరెవరు చూశారో రాయని కాగితాలు మా దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.