చుక్కలే చిరునామా

సముద్రంలో అన్నిటికంటే పెద్ద చేప కనిపిస్తే కళ్లారా చూడండి. దాంతోపాటు ఎడమ పక్క నుంచి ఒక్క ఫొటో తీయండి.

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గరి తంతడి తీరంలో జాలర్ల వలకు ఓ భారీ చేప చిక్కింది. బరువు రెండు టన్నులు ఉంటుందన్నారు. బల్లపరుపు తల, బూడిదరంగు వీపు నిండా తెల్లచుక్కలు. వేల్‌షార్క్, అంటే తిమింగల సొర. కబురు అందుకుని అటవీ శాఖ సిబ్బంది వచ్చారు. జాలర్లూ వాళ్లూ కలిసి దాన్ని లోతు నీళ్లలోకి తోసి సాగనంపారు. పాడైన వలలకు పరిహారం ఇస్తామని అధికారులు చెప్పారు. ఇదంతా అప్పట్లో పేపర్లలో చదివిందే. దాని ఫొటోలను మాల్దీవుల్లోని వేల్‌షార్క్ పరిశోధక బృందానికి పంపారన్న ముక్కను మాత్రం చాలామంది దాటేసి ఉంటారు. తంతడి చేపతో మాల్దీవుల వాళ్లకేం పని?

పని ఉంది. ఏ రెండు వేల్‌షార్క్‌లకూ చుక్కలు ఒకేలా ఉండవు. మొప్పల చీలికల వెనక, పక్క రెక్కకు కాస్త పైన ఉన్న చుక్కల అమరిక ఆ చేపకు ఆధార్ కార్డు లాంటిది. ఏళ్లు గడిచినా దాన్నిబట్టి గుర్తుపట్టవచ్చు. అయితే వేల ఫొటోలను పక్కపక్కన పెట్టి కంటితో పోల్చడం అయ్యే పని కాదు. ఆ చిక్కు విప్పింది ఖగోళశాస్త్రం. ఆకాశాన్ని తీసిన రెండు చిత్రాల్లో ఉన్నవి ఒకే నక్షత్రాలా కావా అని తేల్చడానికి 1986లో ఎడ్వర్డ్ గ్రోత్ అనే శాస్త్రవేత్త ఓ లెక్క కట్టాడు. మూడేసి చుక్కలను కలిపి త్రికోణాలు గీసి, వాటిని సరిపోల్చే పద్ధతది. ఆస్ట్రేలియా పరిశోధకుడు బ్రాడ్ నార్మన్, కంప్యూటర్ నిపుణుడు జేసన్ హోమ్‌బర్గ్, ఖగోళ శాస్త్రవేత్త జావెన్ అర్జుమానియన్ కలిసి ఆ లెక్కను చేప ఒంటికి పనికొచ్చేలా మలిచారు. 2005లో దాన్ని ప్రచురించారు. ఇప్పుడు ‘షార్క్‌బుక్’ అనే ఆన్‌లైన్ చిట్టాలో ఏ దేశంవాళ్లయినా ఫొటో పెట్టవచ్చు. అది పాత చేపా కొత్తదా అన్నది అక్కడ తేలుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ తీరంలో 1995లో నార్మన్ చూసిన మొట్టమొదటి వేల్‌షార్క్ ‘స్టంపీ’ ఈ చిట్టాలో ఒకటో నంబరు. తోక కురచగా ఉండటంతో ఆ పేరొచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అది అదే తీరానికి వచ్చిపోతూ కనిపించింది.

దారినపోయేవాళ్లు తీసే ఫొటోల మీద ఇంతగా ఎందుకు ఆధారపడాలి? తిమింగలం ఊపిరి కోసం పైకి రాక తప్పదు కాబట్టి లెక్కకు అందుతుంది. ఇది చేప. పైకి రావాల్సిన అవసరం దీనికి లేదు. 1,900 మీటర్లకు పైగా లోతుకు దిగినట్టు దీనికి కట్టిన పరికరాలు చెప్పాయి. 1995లో తైవాన్‌లో చిక్కిన ఓ తల్లి కడుపులో 300 దాకా పిల్లలున్నాయి. అయినా సముద్రంలో ఇది ఈనడం ఎవరూ చూడలేదు. నింగలూ వంటి చోట్ల గుంపులుగా చేరేవాటిలో ఎక్కువ భాగం వయసుకు రాని మగవే. 2016 నుంచి ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఉంది. వలలు, వేట ఒకెత్తు, ఓడలు ఒకెత్తు. ఇది సంచరించే మేరలో 90 శాతానికి పైగా పెద్ద ఓడలు తిరిగే చోట్లేనని 2022లో వచ్చిన ఓ అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. ఓడ గుద్దితే చచ్చిన చేప మునిగిపోతుంది, చావుకు సాక్ష్యం మిగలదు. బతికి బయటపడ్డవాటి ఒంటిమీది గాట్లే సాక్ష్యం. అందుకే ఫొటోలో గాయం కనిపిస్తే దానికి ఇంకా విలువ.

మన దేశంలో దీని వేట కథ గుజరాత్‌ది. వేరావల్, మంగ్రోల్ తీరాల్లో దీన్ని కాలేయం నూనె కోసం చంపేవారు. చెక్క పడవలకు నీరు పట్టకుండా ఆ నూనె పూసేవారు. 90ల్లో మాంసానికి విదేశీ గిరాకీ పెరిగింది. కొక్కేనికి ఖాళీ పీపాలు కట్టి, చేప మునగలేక అలసిపోయేదాకా వదిలి, ఒడ్డుకు ఈడ్చుకొచ్చేవారు. మైక్ పాండే తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ డాక్యుమెంటరీ ఆ ఘోరాన్ని లోకానికి చూపించింది. 2001 మేలో ఇది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోకి ఎక్కింది. దేశంలో అలా ఎక్కిన తొలి చేప ఇదే. కానీ చట్టం ఢిల్లీలో, వల సముద్రంలో! 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్, అటవీ శాఖ కలిసి రామకథా ప్రవచనకర్త మొరారీ బాపును పిలిపించాయి. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను చంపుకుంటామా అని ఆయన అడిగారు. అది నిజంగా పురుటికే వస్తోందా అన్న చర్చ శాస్త్రవేత్తలది. జాలరికి మాత్రం ఆ మాట గుండెకు తగిలింది.

మాట ఒక్కదానితోనే పని జరగలేదు. చేపను వదలడానికి కోసిన వలకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. అధికారి పడవలో వచ్చి చూసేదాకా చేపను వలలోనే ఉంచే అవస్థ తప్పించడానికి జాలర్ల చేతికే కెమెరాలిచ్చారు. వల కోసి, ఫొటో తీసి, దాన్ని చూపిస్తే పరిహారం. చేప బతికింది, వివరం నమోదైంది, జాలరి నష్టపోలేదు. ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన పని ఏదంటే ఆ కెమెరాలే అంటాను.

ఈత కొడుతుండగా ఎదురుపడితే భయం అక్కర్లేదు. నోరు మీటరు పైనే తెరుచుకున్నా తినేది ప్లవకాలు, చిన్న చేపలే. దాన్ని ముట్టుకోకండి, దారికి అడ్డుపడకండి, ఫ్లాష్ కొట్టకండి. నింగలూలో ఒంటికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్లు ఎడం పాటించాలన్నది నియమం. తోక ఊపులో బలం చూస్తే ఆ అదనపు మీటరు ఎందుకో అర్థమవుతుంది. చిట్టాలు పోల్చేది ముఖ్యంగా ఎడమ పక్కనే. కాబట్టి దానికి సమాంతరంగా ఈదుతూ మొప్పల చివర నుంచి పక్క రెక్క దాకా వచ్చేలా ఫొటో తీయండి. వీలైతే కుడి పక్క కూడా. పొట్ట కింద వెనక రెక్కల దగ్గర రెండు వేళ్లలాంటివి కనిపిస్తే మగది. తేదీ, వేళ, చోటు రాసుకోండి. చుట్టూ నీళ్లే ఉన్న ఫొటోకి చోటు తెలియకపోతే సగం విలువ పోతుంది. ఆ చేప మళ్లీ ఎక్కడైనా కనిపిస్తే షార్క్‌బుక్ మీకు కబురు పంపుతుంది.

మన తీరంలో ఇది ఎక్కువగా కనిపించేది ఈతగాళ్లకు కాదు, మత్స్యకారులకు. షెడ్యూలు జంతువు వలలో పడిందంటే కేసు పెడతారేమోనన్న భయం వాళ్లది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు అన్నది నిజమే. అనుకోకుండా చిక్కినదాన్ని వదిలేస్తే మెచ్చుకోవాలే తప్ప వేధించకూడదు. ఒడ్డుకొచ్చిన చేపమీద ఎక్కి సెల్ఫీలు దిగేవాళ్లను ఆపడం కూడా అధికారుల పనే. వల పరిహారం ఒక్క తంతడితో ఆగకుండా భీమిలి నుంచి కృష్ణపట్నం దాకా పద్ధతిగా, ఆలస్యం లేకుండా అందాలి. అప్పుడు ఫొటోలు వాటంతటవే వస్తాయి. మీ ఊళ్లో సముద్రం మీదికి వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఒక్కమాట చెప్పండి: వల కోసే ముందు ఫోన్ తీసి, ఎడమ పక్క చుక్కలు పట్టుకోమని.